మాల తీసేశాక కూడా నేల మీదే పడుకుంటున్నాను. ఇలా ఏళ్ళ తరబడి పడుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వైనతేయ గట్టు:

నమస్కారమండీ. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. నాకు 38 ఏళ్ళు, అమలాపురంలో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, అంటే పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా కుర్చీలోనే, పైగా రానూపోనూ బండి మీదే. పోయిన కార్తీకంలో మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. దీక్షలో మంచం ఎక్కకూడదు కాబట్టి హాల్లో తుంగచాప పరుచుకుని దాని మీద ఒక దుప్పటి వేసుకుని పడుకునేవాణ్ణి. మొదటి వారం చాలా కష్టమైంది. తుంటి ఎముకా, భుజమూ గచ్చుకి ఒత్తుకుపోయి ఏ పక్కకి తిరిగినా మెలకువ వచ్చేసేది. రెండో వారానికి పడుకోవడమే గుర్తు, నిద్ర ఎప్పుడు పట్టిందో తెలిసేది కాదు. ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. అంతకుముందు రెండేళ్ళుగా లేవగానే నడుము పట్టేసేది, మంచం అంచు మీద పది నిమిషాలు కూర్చుంటే గానీ నిలబడలేకపోయేవాణ్ణి. దీక్ష సగానికి వచ్చేసరికి ఆ పట్టు లేదు. నాలుగున్నరకి లేచి చన్నీళ్ళ స్నానానికి నూతి దగ్గరికి తిన్నగా నడిచి వెళ్ళిపోతున్నాను.

41 రోజులూ అయ్యాయి, కొండకి వెళ్ళొచ్చి మాల తీసి మళ్ళీ మంచం ఎక్కాను. మాది ఎనిమిదంగుళాల ఫోమ్ పరుపు, తొమ్మిదేళ్ళ కిందటిది, నేను పడుకునే వైపు గుంట పడింది. మూడు రాత్రులు సరిగా నిద్ర లేదు, నాలుగో రోజుకి నడుము మళ్ళీ మొదలు. ఆ రాత్రే దిండు పట్టుకుని హాల్లోకి వచ్చేశాను. ఇప్పటికి ఐదు నెలలు.

ఇంట్లో ఇదే పెద్ద టెన్షన్ అయిపోయింది. ఆ మంచం మా మావయ్యగారు టేకు కోయించి దగ్గరుండి చేయించి సారెలో పెట్టింది. మా ఆవిడ పైకి ఏమీ అనదు గానీ మొన్న పక్కింటావిడ పొద్దున్నే కూరకి వచ్చి హాల్లో నా పడక చూసి "ఏమిటమ్మా, మీ ఆయన ఇక్కడ పడుకున్నాడు?" అని అడిగేసరికి లోపలికి వెళ్ళి ఏడ్చింది. మా అమ్మది ఇంకో బాధ. మా నాన్నని ఆఖరి రోజున మంచం దింపింది ఆ హాల్లోనే. "ఆ చోట నువ్వు పడుకుంటే నేను చూడలేనురా" అంటుంది. మా పాప, ఏడేళ్ళది, ఈ మధ్య నా పక్కన చేరుతోంది.

నాకు తెలియాల్సినవి ఇవి. ఇలా ఏళ్ళ తరబడి పడుకుంటే ఒంటికి ఏమన్నా చెడుపా? కింద ఏం పరుచుకోవాలి? ఇప్పుడంటే కాలువలు కట్టేసి ఎండలు మండుతున్నాయి, గచ్చు చల్లగా హాయిగా ఉంది, మరి వానలు పడితే ఎలా? ఇంట్లో వాళ్ళకి ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

పెరటి మందారం:

బాబూ, నాకు 61. నరసాపురం మాది. నా పాతికేళ్ళు వచ్చేదాకా నేను పరుపు ఎరగను. మా పుట్టింటిది మండువా ఇల్లు, పిల్లలం తొమ్మండుగురం, చావడిలో వరసగా చాపలు వేసేసేవారు, ఎవరి దిండు ఎవరిదో తెల్లారితే గానీ తెలిసేది కాదు. ఎండాకాలం నేల నీళ్ళతో తుడిచి ఆరాక పడుకుంటే ఆ చల్లదనం ఏ ఏసీకీ రాదు. కాబట్టి నేల మీద నిద్ర హాయి అంటే నేను నమ్ముతాను, నువ్వేదో వింత పని చేస్తున్నావని అనుకోకు.

కానీ మీ ఆవిడ సంగతి ముందు చూడు. నువ్వు నేల మీద పడుకోవడం కంటే హాల్లోకి వచ్చి పడుకోవడమే ఆవిణ్ణి బాధ పెట్టిందని నాకు అనిపిస్తోంది. దీక్షలో ఉన్నప్పుడు వేరే గదిలో పడుకున్నావంటే లోకం దండం పెడుతుంది, మాల తీశాక ఐదు నెలలు వేరే పడుకుంటే లోకం ఇంకోటి అనుకుంటుంది, పక్కింటావిడ అడిగింది అదే. నీ చాప తీసుకెళ్ళి ఆ గదిలోనే మంచం పక్కన వేసుకో, ఇవాళే. దాంతో మీ అమ్మగారి మాట కూడా నిలబెట్టినట్టు అవుతుంది. భర్త ప్రాణం పోయిన చోట కొడుకు పడుకుని కనిపిస్తుంటే తెల్లవారుజామున లేచిన ఆ తల్లికి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. ఉత్తరం వైపు తల పెట్టకు, అది ఎందుకని నన్ను అడగొద్దు, ఆవిడ కోసం పాటించు.

అందరికీ నేల పడక అంటే హాయి గుర్తుకు రాదు బాబూ, అది కూడా చెప్పాలి. మా ఆయనది ముమ్మిడివరం వైపు. 96 తుఫానుకి వాళ్ళ ఇంటి కప్పు లేచిపోయింది, కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి, నెల్లాళ్ళు స్కూలు గచ్చు మీద తడి గోనెలు పరుచుకుని పడుకున్నారట. ఇప్పటికీ నేను నడుము వాల్చడానికి చాప దులిపితే చాలు, "మంచం ఉండగా నేల మీదెందుకు" అని కోపం చేస్తారు. మీ మావయ్యగారు కూడా ఏ కష్టంలోంచి వచ్చి కూతురికి టేకు మంచం చేయించారో మనకి తెలియదు కదా.

పరుచుకోవడానికి బొంత కుట్టించుకో. పాత నూలు చీరలు ఆరో ఏడో ఒకదాని మీద ఒకటి పరిచి, మడతలు రాకుండా దగ్గర దగ్గరగా దారం వేసి కుడితే నూలు పరుపులా ఉంటుంది, ఉతకొచ్చు, ఎండలో వేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. పాలిస్టర్ చీరలు వద్దు, వేడి, జారిపోతాయి కూడా. మీ అమ్మగారి పాత చీరలతోనే కుట్టించమను, ఆవిడ మనసూ కుదుటపడుతుంది.

నడుము నొప్పుల మనిషి:

నేను భీమవరంలో ఫిజియోథెరపిస్టుని. వైనతేయ గారూ, మీ కథ నేను వారానికి ఇద్దరి ముగ్గురి దగ్గరైనా వింటాను, చాలామంది "నేల మీద పడుకుంటే నడుము నొప్పి పోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది పూర్తిగా నిజం కాదు. మీకు తగ్గింది ఎందుకంటే మీ పరుపు గుంట పడింది. గుంటలో పడుకుంటే నడుము రాత్రంతా వంగే ఉంటుంది, పగలంతా కుర్చీలో వంగి ఉన్నదానికి రాత్రి కూడా విశ్రాంతి లేదన్నమాట. గుంట లేని చోటికి వెళ్ళేసరికి హాయిగా ఉంది.

అలాగని ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని కాదు. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వాళ్ళు చేసిన పరిశీలన ఒకటి వచ్చింది, చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి బాగా గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టి పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం పరుపు వాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. పాతకాలం డాక్టర్లు "చెక్క బల్ల మీద పడుకో" అనేవారు, ఇప్పుడు మేము అలా అనడం లేదు. కాబట్టి ఉత్త చాప మీద కాకుండా కింద రెండు మూడు అంగుళాల మందం ఉండేలా చూసుకోండి. మందారం గారు చెప్పిన బొంతలు రెండు వేసుకుంటే దాదాపు అదే.

పక్కకి తిరిగి పడుకునే అలవాటైతే భుజం, తుంటి ఒత్తుకుంటాయి, మోకాళ్ళ మధ్య చిన్న దిండు పెట్టుకోండి. తల కింద దిండు భుజం ఎత్తుకి సరిపోవాలి. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ళ కింద దుప్పటి చుట్టి పెట్టండి. లేచేటప్పుడు తిన్నగా నడుము ఎత్తి లేవకుండా, పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి, మోకాలి మీదకి వచ్చి లేవండి. ఇది చాలా ముఖ్యం. కుర్చీలోంచి అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయకపోతే మాత్రం పడక ఏది మార్చినా లాభం లేదు.

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణులు, నేల మీంచి లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సిన పెద్దవాళ్ళు ఇది చూసి మీరూ మొదలుపెట్టొద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళు అసలు వద్దు, చీమలు కుట్టినా ఎలుక కొరికినా వాళ్ళకి తెలియదు, ఆ పుండ్లు నేను చూశాను. నొప్పి పిక్కలోకి లాగినా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా పడక సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

లంక దారి:

అన్నీ చదివాను. ఒక్కరు కూడా పాము మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి. ముఖ్యంగా పాప నేల మీద పడుకుంటోందని రాశారు కాబట్టి.

మాది లంక గ్రామం. 2022 జూలై వరదకి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. 17 లక్షల క్యూసెక్కులు దాటితే ఇచ్చే హెచ్చరిక అది, ఆ ఏడు 25 లక్షలు దాటి వచ్చింది. నీళ్ళు తీశాక ఇల్లు కడుక్కుని, మంచాలన్నీ తడిసిపోయాయి కాబట్టి అందరం వరండాలో చాపల మీద పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి మా తమ్ముడు కడుపునొప్పి అని లేచాడు. రాత్రి తిన్నది పడలేదేమో అనుకుని అమ్మ వాము నీళ్ళు ఇచ్చింది. దగ్గర్లో చూపిస్తే గ్యాస్ అని బిళ్ళ ఇచ్చి పంపేశారు. ఐదయ్యేసరికి వాడి కనురెప్పలు వాలిపోతున్నాయి, నిద్ర మత్తు అనుకున్నాం. మాట ముద్దగా వస్తోంది, ఉమ్మి మింగలేకపోతున్నాడు. అప్పుడు భయమేసి టౌన్‌కి తీసుకెళ్తే అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రెప్పలు చూడగానే "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అని అడిగింది. నేల మీద అన్నాం. కట్లపాము కాటు అని వెంటనే విరుగుడు సూది మొదలుపెట్టారు. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతికాడు. ఒంటి మీద గాటు ఎక్కడుందో ఆఖరికి కూడా దొరకలేదు.

కట్లపాము అంటే నల్లటి ఒంటి మీద సన్న తెల్ల పట్టీలుంటాయి. పగలు కనపడదు, రాత్రి ఎలుకల కోసం, వేరే చిన్న పాముల కోసం తిరుగుతూ ఇళ్ళలోకి వస్తుంది. అది కరిస్తే చాలామందికి నొప్పి తెలియదు, వాపు ఉండదు, చీమ కుట్టిందనుకుని మళ్ళీ నిద్రపోతారు. అది కరిచేవాళ్ళలో ఎక్కువమంది రాత్రి నేల మీద నిద్రపోతున్నవాళ్ళే. మన వైపు వరి చేలు, కాలువ గట్లు, కొబ్బరి డొక్కల గుట్టలు, ధాన్యం బస్తాలు, వాటి కోసం ఎలుకలు. అన్నీ ఇంటిని ఆనుకునే ఉంటాయి కదండీ.

నేను నేల పడక మానేయమని అనను, మా నాన్న ఇప్పటికీ మానలేదు. దోమతెర కట్టుకుని, దాని అంచులు పడక కిందకి నాలుగు వైపులా బాగా దోపండి, ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. మనది ఎలాగూ బోదకాలు ఉన్న ప్రాంతం, దోమలకీ పనికొస్తుంది. గుమ్మం కింద సందు మూయించండి. డొక్కలు, పుల్లలు గోడ పక్క నుంచి తీయించండి. పడక పరిచే ముందు ఒకసారి దులపండి, రాత్రి లేస్తే టార్చి లేకుండా కాలు పెట్టకండి. కారణం తెలియని కడుపునొప్పితో తెల్లవారుజామున లేచి, రెప్పలు వాలుతున్నాయంటే కాటు కనపడకపోయినా 108కి ఫోన్ చేయండి. కోయకండి, గట్టిగా కట్టు కట్టకండి, పసరు పోయకండి, నడిపించకండి. పాపని మాత్రం మంచం మీదే పడుకోబెట్టండి అన్నా, ఈ ఒక్క మాట వినండి.

ఇంకో ఆలోచన. మీ మంచానికి కింద చెక్కలున్నాయా? ఆ గుంట పడ్డ ఫోమ్ తీసేసి ఆ చెక్కల మీదే బొంతలు వేసుకుని పడుకుంటే గట్టిగానే ఉంటుంది కదా, ఎత్తు మీదా ఉంటారు.

పీచు పని:

అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు యూనిట్లో పని చేస్తాను. చెమ్మ గురించి అడిగారు కదా, దానికి జవాబు.

వానాకాలం మన టైల్స్ చెమరుస్తాయి. గాలిలో తేమ ఎక్కువ, టైలు చల్లగా ఉంటుంది, దాంతో నీళ్ళు పడతాయి. దాని మీద ఫోమ్ గానీ దూది పరుపు గానీ వేసి పొద్దున ఎత్తకుండా వదిలేస్తే పైన పొడిగానే ఉంటుంది, అడుగున మాత్రం నెల తిరక్కుండా నల్ల బూజు. ఒంటి చెమట కూడా కిందకే దిగుతుంది. కాబట్టి ఏది వేసినా లేవగానే ఎత్తి గోడకి నిలబెట్టాలి, ఎండ వచ్చిన రోజు బయట వేయాలి. చాప కింద ప్లాస్టిక్ పట్టా వేస్తే తడి పైకి రాదనుకుంటారు, అలా చేస్తే చెమ్మ మధ్యలో ఇరుక్కుపోయి చాప కుళ్ళుతుంది.

బూరుగు దూది మెత్తగా బాగుంటుంది గానీ ఉండలు కడుతుంది, మళ్ళీ ఏకించాలి, ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు ఏడాదికోసారైనా వీధిలోకి రావడం లేదు. రబ్బరు పాలు పట్టించిన పీచు పలక రెండంగుళాలది తీసుకోండి, గాలి ఆడుతుంది, గుంట పడటానికి చాలాకాలం పడుతుంది. పైన ఒక బొంత వేయండి, లేకపోతే పీచు గుచ్చుతుంది. ధనుర్మాసంలో ఇంకో బొంత కలపాల్సిందే, ఎండాకాలం ఒంట్లో వేడి లాగేసే గచ్చే చలికాలం కూడా లాగేస్తుంది.

వైనతేయ గట్టు:

మూడు వారాలైంది, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. లంక దారి తమ్ముడూ, నీ మాట చదివిన రాత్రే పాపని ఎత్తుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన పడుకోబెట్టాను. మర్నాడు ఇంటి వెనక డొక్కల గుట్ట తీయిస్తే దాని కింద ఎలుక బొరియలు నాలుగు కనిపించాయి. ఇన్నాళ్ళూ గోడకి అవతల అవి, ఇవతల మేము. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మందారం గారూ, మీరు చెప్పినట్టు చాప గదిలోకి మార్చి, నడుము సంగతి మా ఆవిడకి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఇన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా సరిగా చెప్పలేదట, తనంటే ఇష్టం లేక దిగిపోయాననే అనుకుందట. తప్పు నాదే. ఆ తర్వాత ఇద్దరం కలిసే ఫోమ్ ఎత్తి చూశాం, కింద మంచి టేకు చెక్కలు, అంగుళం మందం. ఆ ఫోమ్ ఇచ్చేసి, నా వైపు రెండంగుళాల పీచు పలక మీద బొంత, తన వైపు పలక మీద తనకి కావలసిన మెత్తటి పరుపు వేసుకున్నాం. మధ్యలో మెట్టులా ఉంది, అది ఇంకా సర్దాలి. పది రోజులుగా ఆ చెక్కల మీదే పడుకుంటున్నాను, నడుము బాగానే ఉంది. మావయ్యగారు మొన్న వచ్చి చూసి, చెక్కల వరస మీద చెయ్యి వేసి "ఇవి వంగవులే" అన్నారు.

అమ్మ మాత్రం నేను నేల మీద మధ్యాహ్నం కాసేపు ఒరిగినా ఇప్పటికీ ఊరుకోదు. ఆవిడ పాత చీరలు అడిగితే నాలుగు ఇచ్చింది, నాన్న కొన్న చీర మాత్రం ఇవ్వనంది.

ఒకటి చెప్పాలి, రోహిణి కార్తెలో కరెంటు పోయిన రెండు రాత్రులు మంచం మీద ఉండలేక గదిలోనే కిందకి దిగాను. తెర కట్టడానికి మేకులు లేక నిద్రే పట్టలేదు, చెవులన్నీ గుమ్మం వైపే. అడుగున కూడా గుడ్డ ఉండి జిప్ వేసుకునే గొడుగు దోమతెర ఒక మనిషికి సరిపడేది అమలాపురంలో ఎక్కడైనా దొరుకుతుందా?

లంక దారి:

దొరుకుతాయన్నా, పరుపుల కొట్లలో అడగండి, పసిపిల్లలది కాకుండా పెద్దవాళ్ళ సైజు అని చెప్పండి. కొనేముందు అక్కడే విప్పి జిప్ చివరి దాకా పడుతోందో లేదో చూసుకోండి. మాది మూలన అంగుళం సందు ఉండిపోయింది, అమ్మ గుడ్డ ముక్క వేసి కుట్టింది.